తవ్వ

మా సంఘానికి నిబంధనల పుస్తకమని ఒకటుంది.
బర్నబా మాస్టారు చెప్పగా నేను రాసిందే,
నా అక్షరం గుండ్రంగా ఉంటుందని.
మొదటి పేజీలో ప్రభువు పేరు, తేదీ.
రెండో పేజీలో పన్నెండు మాటలు:
ఒకరి చాటున ఒకరం మాట్లాడుకోకూడదు,
ఒకరి బరువుకి ఒకరం భుజమివ్వాలి,
చెప్పులు వరసగా విప్పాలి (ఇది నేను కలిపింది).
మిగతావి తుఫాను రాత్రి కప్పు ఎగిరిపోయినప్పుడు
సిరా కారి నీలం మరకలైపోయాయి.

కాశీబుగ్గలో జీడిబట్టీల వెనక వీధి మాది.
ఆదివారం రొట్టె కోసం చాచిన చేతులు చూస్తే
ఎవరిదే పనో చెప్పెయ్యొచ్చు.
పిక్క కొట్టేవాళ్ళవి నల్లటి వేళ్ళు,
పొట్టు తీసేవాళ్ళవి గోళ్ళరిగిన వేళ్ళు,
గ్రేడింగు వాళ్ళవి మాత్రం కాస్త తెల్లన.
ఆ తెల్లన చూసి కుళ్ళుకోకూడదని
పన్నెండు మాటల్లో ఎక్కడా లేదు.
ఉండాల్సింది.

పూటపూటా ఎసట్లో పోసే ముందు
గుప్పెడు బియ్యం పక్కకి తీస్తాం.
శనివారానికి ఆ గుప్పెళ్ళన్నీ
మందిరం మూల నూనెడబ్బాలో పడతాయి.
సన్నబియ్యం, కోటాబియ్యం, నూకలు
అన్నీ ఒకే డబ్బాలో.
ఎవరివేవో దేవుడికే తెలియాలి.
నాకూ కొంచెం తెలుసు.
లెక్క నాది కదా, తవ్వతో కొలిచి గీతలు గీసేది.

వానల్లో మూడో వారం రెండు తవ్వలు తగ్గాయి.
నాలుగో వారం మూడు.
నేనెవరికీ చెప్పలేదు,
ముగ్గురికి తప్ప.
నలభై రూపాయలు పెట్టి తాళం కొని
సంఘం ఖర్చుల్లో రాశాను.

ఆ రాత్రి తాళం వెయ్యబోయి
మెట్ల దగ్గరే ఆగిపోయాను.
లోపల డబ్బా అడుగున తవ్వ గీరుతున్న చప్పుడు.
యూనీకమ్మ.
రెండేళ్ళుగా నాతో మాటల్లేని యూనీకమ్మ,
ఏ పాటెత్తుకున్నా నాకంటే అరశృతి పైనెత్తే మనిషి,
కొంగులోకి ఒక తవ్వ వంచుకుని,
కాసేపు అలాగే నిలబడి,
అందులోంచే ఓ గుప్పెడు తీసి
మళ్ళీ డబ్బాలో వేసింది.
తన వంతు.

వచ్చిన దారినే తిరిగొచ్చేశాను.
తాళం మా కోళ్ళగూటికి వేసి
నలభై రూపాయలు సంఘానికి కట్టేశాను.

సోమవారం బట్టీలో, అన్నాళ్ళూ పక్కనే ఉన్నా
చూడనిది చూశాను:
జీడినూనె కాల్చిన ఆమె కుడిచెయ్యి, దానికో గుడ్డపీలిక.
ఎడంచేత్తో పొట్టు తీస్తోంది.
కిలోకింతని కూలి. ఎడంచేతికి వేరే రేటుండదు.
మేస్త్రీ అటు తిరగ్గానే
నా పప్పు రెండు దోసిళ్ళు ఆమె తట్టలోకి తోశాను.

తలెత్తలేదు.
చాలాసేపటికి గోడతో అన్నట్టు అంది:
"అన్నీ బద్దలే, గుండొక్కటీ నేదేటి? సూసి తియ్యాల."
"నీకు గుండ్లు గావాలేటి? నాకే నేవు," అన్నాను.
అటుపక్క తబితమ్మ ఏమీ చూడనట్టే
ఓ దోసెడు పోసింది.
ఆ పక్కనున్న పైడితల్లి కూడా.
పైడితల్లి మా సంఘం కాదు,
మా పన్నెండు మాటలూ ఆమెకి ఎవరూ చదివి వినిపించలేదు.

"మరకలైన మాటలు మళ్ళీ రాయమంటారా?"
మాస్టారిని అడిగాను.
"నీకు గుర్తున్నవి రాయి," అన్నారు.
దీపం ముందు కూర్చున్నాను కలం పట్టుకుని.
చెప్పుల సంగతి రాశాను.
తర్వాత, నా మూలంగా ముగ్గురి చెవిలో పడ్డ మాట
ఎలా వెనక్కి తీసుకోవాలో తెలీక
పేజీ అలాగే వదిలేశాను.
మర్నాడు ఆ ముగ్గురిళ్ళకీ నడిచాను.
ఒక గుమ్మంలో మంచినీళ్ళిచ్చారు,
ఒక గుమ్మంలో ఇవ్వలేదు.

ఇప్పుడు తవ్వ మందిరం బయట మేకుకి వేలాడుతుంది.
యూనీకమ్మ ఇప్పటికీ అరశృతి పైనే.
మొన్న నేనూ అక్కడిదాకా వెళ్ళబోతే గొంతు జీరపోయింది,
పిల్లలు నవ్వారు, ఆమె కూడా.
గీతలు గియ్యడం మానేశాను.
శనివారాలు డబ్బాని వేలితో తట్టి
చప్పుడు విని వచ్చేస్తాను.